రోజూ వినే రేడియో హోస్ట్ సోమవారం నుంచి మాయం. వీళ్ళని ఎలా పెడతారు, ఎలా తీసేస్తారు?

ఫ్రిస్కో డ్రైవర్:

అందరికీ నమస్తే. నాది కాస్త తిక్క ప్రశ్న, ముందే చెప్తున్నా, నవ్వుకున్నా పర్లేదు.

నేను డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటా, ఆఫీసు లాస్ కొలినాస్‌లో, పోనూ రానూ రోజూ గంటన్నర కార్లోనే. పాటలు ఎన్నాళ్ళని వింటాం చెప్పండి. ఐదారేళ్ళ కిందట ఓ పొద్దున ట్రాఫిక్ ఎలా ఉందో తెలుస్తుందని ఏఎం పెడితే ఒకాయన నీళ్ళ బిల్లుల మీద ఎవరితోనో గొడవ పెట్టుకుని ఉన్నాడు, అది వింటూ ఆఫీసు పార్కింగ్‌లో దిగకుండా పది నిమిషాలు కూర్చుండిపోయా. ఇక అప్పట్నుంచీ పొద్దున్నే ఆయనే. ఆయన రాజకీయాలు నాకు సగం పడవు, అయినా వింటా. ఆయన కుక్క పేరు తెలుసు, మోకాలి ఆపరేషన్ సంగతి తెలుసు, అత్తగారి మీద వేసే జోకులు అన్నీ తెలుసు. మా ఆవిడ సాయంత్రం "మీ బాబాయ్ ఇవాళ ఏమన్నాడు" అని అడుగుతుంది, అంత అయిపోయాడు ఇంట్లో మనిషి.

పోయిన సోమవారం పెడితే వేరే గొంతు. సెలవులో ఉన్నాడేమో అనుకున్నా. మంగళవారం కూడా ఆ గొంతే. వెబ్‌సైట్ తీస్తే ఫొటో లేదు, పేరు లేదు, పాత షోల ఆడియో కూడా లేదు, అసలు ఆ మనిషి పుట్టనే లేదన్నట్టు తుడిచేశారు. బుధవారం ఒక ముసలాయన ఫోన్లో లైన్లోకొచ్చి "ఆయన ఏమయ్యాడు బాబూ" అని అడగడం పూర్తవలేదు, థాంక్యూ అని కట్ చేసి యాడ్స్‌కి వెళ్ళిపోయారు. మరి శుక్రవారం ఆయనే కదా "సోమవారం కలుద్దాం" అన్నాడు, నా చెవులతో విన్నా.

ఇన్నేళ్ళు వినిపించిన మనిషికి ఒక్క రోజు, పోనీ ఒక్క పది నిమిషాలు వెళ్ళొస్తానని చెప్పే అవకాశం ఎందుకివ్వరు? కొత్తవాళ్ళని ఎక్కడ్నుంచి పట్టుకొస్తారు, ఇంటర్వ్యూలు ఉంటాయా, మనలాగా రెజ్యూమే పంపుతారా? ఇక్కడ రేడియోలో పని చేసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

బోర్డ్ ఆప్ బాబాయ్:

తిక్క ప్రశ్నేం కాదు తమ్ముడూ, నాకు తెలిసింది చెప్తా, కాస్త పొడుగవుతుంది.

నేను 2009 నుంచి ఓ నాలుగేళ్ళు న్యూజెర్సీలో ఒక చిన్న ఏఎం టాక్ స్టేషన్లో వీకెండ్ బోర్డ్ ఆప్‌గా చేశా. పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శని ఆదివారాలు ఇది, గ్రీన్ కార్డ్ వచ్చిన సంతోషంలో చేసిన పనుల్లో ఒకటి. బోర్డ్ ఆప్ అంటే అద్దం ఇవతల మిక్సర్ ముందు కూర్చుని టైముకి యాడ్లు, న్యూస్, కాలర్స్‌ని వదిలేవాడు. నా చేతికి అందేంత దూరంలో డంప్ బటన్ ఉండేది. లైవ్ అంటారు గానీ నిజానికి మాట కొన్ని సెకన్లు ఆలస్యంగా బయటికెళ్తుంది, ఎవడైనా బూతు మాట్లాడితే ఆ బటన్ నొక్కితే ఆ ముక్క గాల్లోకి పోదు. నాలుగేళ్ళలో తొమ్మిదిసార్లు నొక్కా, అందులో రెండుసార్లు హోస్ట్ మీదే.

నీ ప్రశ్నకి సగం జవాబు ఆ బటన్లోనే ఉంది. నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారనుకో, ల్యాప్‌టాప్ లాగేసుకుంటారు, బ్యాడ్జ్ తీసుకుంటారు, ఎందుకు, కోపంలో ఏం డిలీట్ చేస్తావో అని. హోస్ట్ చేతిలో ఉన్నది మైకు. "ఇవాళే నీకు ఆఖరి రోజు" అని చెప్పి మూడు గంటలు మైకు ముందు కూర్చోబెడితే ఆయన మేనేజర్ని తిడతాడా, స్పాన్సర్ని తిడతాడా, ఏడుస్తాడా, ఎవడికీ తెలీదు. స్టేషన్‌కి లైసెన్స్ ఇచ్చేది ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ, ఆయన నోరుజారితే బాధ్యత స్టేషన్ది. అందుకే శుక్రవారం షో అయిపోయాక, హెడ్‌ఫోన్స్ తీశాక, "ఒకసారి ఆఫీసులోకి వస్తావా" అంటారు. అక్కడ హెచ్ఆర్ మనిషి అప్పటికే కూర్చుని ఉంటాడు. మీ ఆయన "సోమవారం కలుద్దాం" అన్నది అబద్ధం కాదు, పాపం ఆయనకి నిజంగానే తెలిసుండదు.

ఇక చాలా కాంట్రాక్టుల్లో పే ఆర్ ప్లే అని ఒక మాట ఉంటుంది. అంటే మిగిలిన కాలానికి డబ్బులిస్తాం, మైకు మాత్రం ఇవ్వం అని. జీతం వస్తూనే ఉంటుంది, మనిషి ఇంట్లో కూర్చుంటాడు. దానికితోడు నాన్ కంపీట్, పక్క స్టేషన్లో ఇన్ని నెలలు మాట్లాడకూడదు అని. న్యూయార్క్ రాష్ట్రంలో దీన్ని 2008లో చట్టం చేసి బ్రాడ్‌కాస్టింగ్ వాళ్ళకి తీసేశారు, ఇంకొన్ని రాష్ట్రాల్లో కూడా అంతే, కానీ అన్నిచోట్లా కాదు. అందుకే కొందరు మాయమై ఆరునెలలకో ఏడాదికో వేరే చోట తేలతారు.

ఎవర్ని తీయాలని ఎలా తెలుస్తుంది అంటే లెక్కలు. పెద్ద సిటీల్లో పీపీఎం అని పేజర్ లాంటి చిన్న మీటర్ ఉంటుంది, కొన్ని ఇళ్ళవాళ్ళకి నీల్సన్ కంపెనీ ఇస్తుంది, వాళ్ళు రోజంతా దాన్ని ఒంటి మీద పెట్టుకుని తిరుగుతారు. స్టేషన్ తన సౌండ్‌లో మన చెవికి వినపడని కోడ్ కలిపి పంపుతుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. అంతకుముందు డైరీలు ఉండేవి, జనం వారమంతా ఏం విన్నారో కాగితం మీద రాసేవాళ్ళు, చిన్న ఊళ్ళలో ఇప్పటికీ అవే. డైరీ ఉన్నప్పుడు పేరున్న హోస్ట్ బతికిపోయేవాడు, ఎందుకంటే మనిషి నిజంగా విన్నా వినకపోయినా అలవాటు కొద్దీ ఆ పేరు రాసేవాడు. మీటర్‌కి మొహమాటం లేదు. ఏ నిమిషంలో జనం వేరే స్టేషన్‌కి తిప్పేశారో లెక్కలు రాగానే పీడీ టేబుల్ మీద ఉంటుంది. పీడీ అంటే ప్రోగ్రామ్ డైరెక్టర్, హోస్టుల పాలిట యముడూ ఆయనే బ్రహ్మా ఆయనే.

ఇంకో చేదు మాట. యాడ్లు కొనేవాడు ఎక్కువగా 25 నుంచి 54 ఏళ్ళ వాళ్ళనే లెక్కలోకి తీసుకుంటాడు. టాక్ రేడియో వినేవాళ్ళలో పెద్దవాళ్ళే ఎక్కువ. ఊరంతా విన్నా సరే వాళ్ళు 60 దాటినవాళ్ళయితే సేల్స్ వాళ్ళకి ఏడుపే. ఫోన్ చేసి కట్ అయిపోయిన ఆ ముసలాయన ఉన్నాడే, ఆయన ఎంత నమ్మకమైన శ్రోత అయినా లెక్కలో సున్నా.

ఇక అన్నిటికన్నా పెద్దది ఖర్చు. లోకల్ హోస్ట్ అంటే జీతం, ప్రొడ్యూసర్, ఫోన్లు ఎత్తి వడపోసే స్క్రీనర్, నాలాంటి బోర్డ్ ఆప్. అదే సిండికేటెడ్ షో, అంటే ఒకచోట చేసి చాలా స్టేషన్లకి పంచే షో అయితే శాటిలైట్‌లో దిగుతుంది, చాలాసార్లు డబ్బు కూడా కట్టక్కర్లేదు, గంటలో కొన్ని యాడ్ నిమిషాలు వాళ్ళకి వదిలేస్తే సరి. 1996 చట్టంతో ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఇన్ని స్టేషన్లే కొనాలనే పరిమితి ఎత్తేశారు, క్లియర్ ఛానల్ వెయ్యి పైన కొనేసింది, అదే ఇప్పటి ఐహార్ట్. అలా కొనడానికి చేసిన అప్పులు హోస్టుల నెత్తిన పడ్డాయి. 2017 చివర్లో క్యుములస్ అనే ఇంకో పెద్ద రేడియో కంపెనీ, 2018లో ఐహార్ట్ రెండూ దివాలా కోర్టుకెళ్ళాయి, 2020 జనవరిలో ఐహార్ట్ దేశమంతా ఒకేసారి బోలెడుమందిని తీసేసింది. కాబట్టి మీ బాబాయ్ ఏదో తప్పు చేసుండాలని రూల్ లేదు.

కొత్తవాళ్ళు ఎలా వస్తారో తర్వాత రాస్తా, డిన్నర్‌కి పిలుస్తున్నారు.

పులిహోర ప్యాకెట్:

పాత షోల ఆడియో కూడా తీసేశారంటే నాకు మా టీమ్‌లో మొన్న పోయిన మేనేజర్ గుర్తొచ్చాడు, ఆయన రాసిన డాక్యుమెంట్లు అన్నీ పోయాయి, ఆయన కొన్న కాఫీ మెషిన్ మాత్రం ఉంచుకున్నారు.

ఎడిసన్ ఎక్స్‌ప్రెస్:

బాబాయ్ గారు డిన్నర్ చేసొచ్చేలోపు నేనో రౌండ్ వేసుకుంటా, స్పోర్ట్స్ రేడియో నా పిచ్చి. న్యూయార్క్ డబ్ల్యూఎఫ్ఏఎన్ అని 660 ఏఎం, 1987లో మొదలైంది, రోజంతా స్పోర్ట్సే మాట్లాడే స్టేషన్ అంటే మొదటిది ఇదే అంటారు. హోస్టుల్ని పెట్టడం తీయడం మీద పీహెచ్‌డీ చేయాలంటే ఈ ఒక్క స్టేషన్ చరిత్ర చాలు.

పొద్దున షో డాన్ ఐమస్ అనే ఆయనది. 2007 ఏప్రిల్లో రట్గర్స్ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ గురించి జాతి పేరుతో చాలా నీచంగా వాగాడు. ముందు రెండు వారాలు సస్పెన్షన్ అన్నారు. తర్వాత ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, స్టేపుల్స్, జనరల్ మోటార్స్ లాంటి వాళ్ళు ఒక్కొక్కరే యాడ్లు ఆపేశారు, అంతే, వారం తిరక్కుండా స్టేషన్ యజమాని సీబీఎస్ పీకేసింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆయన పిల్లల సేవా సంస్థల కోసం ఏటా చేసే విరాళాల షో అప్పుడే నడుస్తోంది, ఆయన్ని తీసేశారు, మర్నాడు ఆయన భార్య వచ్చి ఆ షో నడిపింది. ఇంతకన్నా సీరియల్ ఎక్కడన్నా ఉంటుందా.

తర్వాత వెంటనే ఎవర్నీ పెట్టలేదు. మొదట మధ్యాహ్నం షో వాళ్ళతోనే పొద్దున కూడా లాగించారు, ఆ తర్వాత నెలల తరబడి వారానికొకరు, ఇద్దరు చొప్పున తెచ్చి కూర్చోబెట్టారు. వినేవాళ్ళకి అది టైంపాస్, స్టేషన్‌కి అది ఆడిషన్. సెప్టెంబర్‌కి బూమర్ ఎసాయసన్ అని మాజీ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్, ఆయన పక్కన న్యూజెర్సీ స్టేషన్లో నోటి దురుసుతో పేరు తెచ్చుకున్న క్రెగ్ కార్టన్. ఒకడు ఆట ఆడినవాడు, ఇంకొకడు మాట ఆడేవాడు. సూపర్ హిట్. పదేళ్ళు నడిచింది. 2017లో కార్టన్‌ని టికెట్ల వ్యాపారం పేరుతో జనాన్ని మోసం చేశాడని ఎఫ్‌బీఐ అరెస్ట్ చేసింది, మళ్ళీ కుర్చీ ఖాళీ, మళ్ళీ రోజుకొకరితో ట్రయల్స్, 2018 మొదట్లో గ్రెగ్ జియనాటి వచ్చి సెటిలయ్యాడు. కార్టన్ జైలుకెళ్ళి వచ్చాక 2020లో అదే స్టేషన్ మధ్యాహ్నం షో ఇచ్చింది! మన ఆఫీసుల్లో టైమ్‌షీట్ తప్పు వేస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తిప్పలు పెడతారు.

ఇదే స్టేషన్లో మైక్ ఫ్రాన్సెసా అని మధ్యాహ్నం రాజు, 2017 డిసెంబర్లో ఘనంగా వీడ్కోలు తీసుకున్నాడు. ఆ టైమ్‌కి ముగ్గురిని పెట్టారు. పాపం వాళ్ళు ఇంకా కుదురుకుంటున్నారు, 2018 మేలో ఈయన "నేను వచ్చేస్తున్నా" అని తిరిగొచ్చాడు, ముగ్గుర్నీ జరిపేశారు. కాబట్టి ఫ్రిస్కో బ్రో, వీడ్కోలు షో ఉన్నంత మాత్రాన అది వీడ్కోలని కాదు.

ఇక ఫెయిలైన కేసు చూడాలంటే హోవర్డ్ స్టెర్న్ అనే పొద్దున షో హోస్ట్ ఖాళీ చేసిన కుర్చీ. ఆయన్ని ఎవరూ తీసేయలేదు, ఐదేళ్ళకి 500 మిలియన్ డాలర్ల డీల్ అని సిరియస్ శాటిలైట్ రేడియోకి తనే వెళ్ళిపోయాడు. ఒప్పందం బయటపడింది 2004 అక్టోబర్లో, పాత చోట ఆఖరి షో 2005 డిసెంబర్లో. అంటే ఏడాది పైన టైముంది కొత్తవాణ్ణి వెతకడానికి. అంత టైము తీసుకుని న్యూయార్క్‌తో సహా కొన్ని సిటీల్లో ఎవర్ని పెట్టారో తెల్సా, రాక్ సింగర్ డేవిడ్ లీ రాత్‌ని! స్టేజి మీద గెంతడం వచ్చు గానీ పొద్దున్నే ఆరింటికి ఒంటరిగా నాలుగ్గంటలు మాట్లాడ్డం వేరే విద్య కదా. జనవరి 2006లో మొదలు, ఏప్రిల్‌లో ఔట్. మళ్ళీ ఎవర్ని తెచ్చారంటే ఓపీ అండ్ ఆంథొనీ, 2002లో ఒక చర్చిలో చేయించిన దిక్కుమాలిన స్టంట్‌కి ఇదే కంపెనీ పీకేసిన జంట. ఇల్లు కాలాక తగలబెట్టినవాణ్ణే నీళ్ళు తెమ్మని పిలిచినట్టు.

నాకర్థమైంది ఏంటంటే పేరున్నవాణ్ణి తెచ్చి పెడితే మొదటి వారం వింటారు, మాట్లాడ్డం వచ్చినవాణ్ణి పెడితే మొదటి నెలంతా తిడతారు, తర్వాత వింటారు.

ఫ్రిస్కో డ్రైవర్:

ఎక్స్‌ప్రెస్ బ్రో దండం, పేరుకి తగ్గట్టే ఆగకుండా లాగేశావ్. మరి రష్ లింబా చనిపోయినప్పుడు ఏం చేశారు? మా స్టేషన్లో మధ్యాహ్నం ఆయనే వచ్చేవాడు, నేను లంచ్‌కి బయటికెళ్ళినప్పుడు చెవిన పడేది. ఆ తర్వాత కొన్ని నెలలు చనిపోయిన మనిషి గొంతే వచ్చేది, కొంచెం వింతగా అనిపించేది.

బోర్డ్ ఆప్ బాబాయ్:

వచ్చా. లింబా కథలోనే నేను రాద్దామనుకున్నది అంతా ఉంది.

ఆయనే ఒకరి ఖాళీలోకి వచ్చినవాడు. 1984లో శాక్రమెంటో కేఎఫ్‌బీకే స్టేషన్లో మోర్టన్ డౌనీ జూనియర్ అనే హోస్ట్ చైనా వాళ్ళ మీద జాత్యహంకార జోకు వేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఆ కుర్చీలోకి లింబాని తెచ్చారు. అంతకుముందు ఆయన్ని వేరే ఊళ్ళో రేడియో వాళ్ళు తీసేసి ఉన్నారు, మధ్యలో కొన్నాళ్ళు కాన్సస్ సిటీ బేస్‌బాల్ టీమ్‌లో ప్రమోషన్స్ ఉద్యోగం చేసుకున్నాడు. రేడియోలో ఒక్కసారి కూడా తీసేయించుకోని హోస్టుని నేనైతే చూళ్ళేదు, అది వాళ్ళకి అనుభవం కిందే లెక్క. 1987లో ఎఫ్‌సీసీ ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ తీసేసింది, అంటే వివాదం ఉన్న విషయంలో రెండో పక్షానికి కూడా చోటివ్వాలనే నిబంధన. 1988 ఆగస్టులో లింబా షో 56 స్టేషన్లతో దేశమంతా మొదలైంది, చివరికి 600 దాటింది.

2020 ఫిబ్రవరిలో క్యాన్సర్ అని ఆయనే షోలో చెప్పాడు. ట్రీట్‌మెంట్ రోజుల్లో ఫిల్ ఇన్ హోస్టులు, అంటే అసలాయన లేనప్పుడు బదులు కూర్చునేవాళ్ళు, వచ్చేవాళ్ళు. 2021 ఫిబ్రవరి 17న చనిపోతే ఆ మాట ఆయన భార్యే ఆయన షోలో చెప్పింది. తర్వాత నువ్వు విన్నట్టే, ఆ షోని స్టేషన్లకి పంచే ప్రీమియర్ నెట్‌వర్క్స్ వాళ్ళు పాత రికార్డింగులు వేస్తూ మధ్యమధ్యలో గెస్ట్ హోస్టులతో నాలుగు నెలలు నడిపారు. నువ్వు వింత అన్నావు కానీ వ్యాపారంగా చూస్తే అర్థమవుతుంది. మధ్యాహ్నం 12 కాగానే చెయ్యి రేడియో మీదకెళ్ళే అలవాటు 30 ఏళ్ళది, ఆ అలవాటు తెగితే మళ్ళీ అతకదు. ఈ లోపు పోటీ వాళ్ళు ఊరుకుంటారా, వెస్ట్‌వుడ్ వన్ వాళ్ళు మే నెలలోనే డాన్ బాంజినోని అదే టైమ్‌లో దింపారు, కొన్ని స్టేషన్లు అటు మారిపోయాయి. జూన్ 21న క్లే ట్రావిస్, బక్ సెక్స్టన్ ఇద్దర్నీ కలిపి పెట్టారు. ఇద్దరు ఎందుకు? ఒక్కణ్ణి పెడితే మొదటి రోజు నుంచీ "ఆయనలా లేడు" అంటారు. ఇద్దర్ని పెడితే అది అసలు వేరే షో, పోల్చడానికి కుదరదు. పైగా క్లే స్పోర్ట్స్ రేడియో నుంచి వచ్చాడు, కాస్త చిన్న వయసు వాళ్ళు వస్తారని ఆశ. బక్ అంతకుముందే లింబా షోకి ఫిల్ ఇన్ చేసినవాడు. ఆ బాంజినో కూడా 2025లో ఎఫ్‌బీఐలో డిప్యూటీ డైరెక్టర్ ఉద్యోగానికి వెళ్ళిపోతే ఆ కుర్చీలోకి విన్స్ కోలియనీజ్ వచ్చాడు, ఇది ఆగే బండి కాదు.

ఫిల్ ఇన్ అన్న మాట గుర్తుపెట్టుకో. కొత్తవాళ్ళని ఎలా ఎన్నుకుంటారంటే నూటికి తొంభైసార్లు అలాగే. రెజ్యూమే ఎవడూ చదవడు. ఎయిర్‌చెక్ అడుగుతారు, అంటే నిజంగా గాల్లోకెళ్ళిన షోలోంచి యాడ్లు తీసేసి కత్తిరించిన ఐదు నిమిషాలు. పీడీ మొదటి ముప్ఫై సెకన్లు వింటాడు. ఆ తర్వాత పండగ వారాల్లో, జులై నాలుగు, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, అసలు హోస్ట్ ఊరెళ్ళినప్పుడు పిలిచి కూర్చోబెడతారు. మా స్టేషన్లో అప్పుడు చూసేవి చాలా చిన్న సంగతులు. ఫోన్లు రాకపోతే భయపడతాడా. వచ్చిన కాలర్ సోది చెప్తుంటే నొప్పించకుండా తెంచగలడా. బ్రేక్‌కి సెకన్ లెక్కతో దిగుతాడా, లేక న్యూస్ వచ్చేస్తున్నా వాగుతూనే ఉంటాడా. పరుపుల కంపెనీ యాడ్ సొంత గొంతుతో చదివితే జనం నమ్ముతారా, ఎందుకంటే హోస్ట్ చదివే యాడ్‌కి రేటెక్కువ. మా దగ్గర ఒకాయనకి చదువు, లోకజ్ఞానం అన్నీ ఉన్నాయి, అద్భుతంగా మాట్లాడేవాడు, కానీ రూఫింగ్ కంపెనీ యాడ్ చదివేటప్పుడు గొంతులో చిన్నచూపు వినిపించేది. రెండోసారి పిలవలేదు.

బెజవాడ శ్రోత:

అందరూ అమెరికా రేడియో గురించి రాస్తున్నారు, మధ్యలో నాది ఒక పాత కథ. నేను 90ల్లో మన ఆంధ్రాలో ఒక ఆకాశవాణి కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశానండి. మాకు రాత పరీక్ష, ఆ తర్వాత గొంతు పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. గొంతు పరీక్షలో ఒక చీటీ ఇచ్చి గాజు గదిలో కూర్చోబెట్టేవారు, అవతల ఎవరున్నారో మనకి కనపడరు. ఆ చీటీలో శిష్యుడు, సుషుమ్న, విశిష్టం, ళకార లకారాలు కలిసొచ్చే వాక్యాలు, ఒక వ్యవసాయ సూచన, ఒక సినిమా పాట పరిచయం. నాతో వచ్చిన అమ్మాయి గొంతు తేనె, కానీ "భాష"ని "బాస" అంది, అక్కడితో సరి. నెగ్గితే ఒక శిక్షణ, ఆ తర్వాత నెలకి ఆరు డ్యూటీలు, అంతకుమించి లేవు.

మా దగ్గర శ్రోతలెంతమంది అన్న లెక్క మీద మనుషుల్ని మార్చడం నేను చూడలేదు. అసలు చాలా కార్యక్రమాల్లో పేరే చెప్పేవాళ్ళం కాదు, గొంతు ఎవరిదైనా మాట ఆకాశవాణిది. అయినా జనం గొంతుని గుర్తుపట్టేవారండీ. ఒకమ్మాయి పెళ్ళై వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా పోస్టుకార్డు, "ఉదయం భక్తిగీతాలు వినిపించే చెల్లెమ్మ గొంతు వినబడటం లేదు, ఆరోగ్యం బాగుందా" అని, కింద ఊరి పేరు. శ్రోతల ఉత్తరాలకి జవాబులిచ్చే కార్యక్రమంలో ఆ కార్డు చదివి "ఆమెకి వివాహమైంది, క్షేమంగా ఉన్నారు" అని చెప్పాం. తర్వాత వారం అక్షింతలు పంపారు, కవర్లో. మీరు ఆ ముసలాయన ఫోన్ కట్ చేశారని రాశారు చూడండి, అది చదివి నాకు ఆ కవర్ గుర్తొచ్చింది.

ఎడిసన్ ఎక్స్‌ప్రెస్:

అమ్మా మీరు ఇంకో పది ఇలాంటివి రాయండి, వేరే థ్రెడ్ పెట్టి అయినా సరే.

చార్మినార్ చాయ్:

నేను హైదరాబాద్‌ల ఒక ప్రైవేట్ ఎఫ్ఎంల మూడేండ్లు ఆర్జే చేసిన, పేరు అడగకుండ్రి. మన దగ్గర అమెరికా లెక్క టాక్ రేడియో ఎందుకు లేదంటే ప్రైవేట్ ఎఫ్ఎం వాళ్ళు సొంతంగ వార్తలు చెప్పనీకి లేదు. 2011 పాలసీల ఆకాశవాణి బులెటిన్ మార్చకుంట అట్లనే వేస్కోవచ్చు అన్నరు, ట్రాఫిక్, వాతావరణం, పరీక్ష రిజల్ట్స్ అసొంటివి చెప్పుకోవచ్చు, గంతే. రాజకీయం ముట్టకూడదాయె, ఇగ మేం ఏం మాట్లాడాలె? మెట్రోల సీటు, అత్తాకోడళ్ళు, బకరా చేసే ప్రాంక్ కాల్స్.

నన్ను తీస్కున్నప్పుడు మైకు ముందట నిలబెట్టి, కిటికీల కెళ్ళి కనబడే రోడ్డు చూపెట్టి, "రెండు నిమిషాలు ఆగకుంట దీని గురించి మాట్లాడు" అన్నరు. జొన్నరొట్టెల బండి కనబడింది, దాని మీద మాట్లాడిన, ఉద్యోగమొచ్చింది. తీసేసినప్పుడు గిట్ల రోడ్డు గూడ చూపెట్టలే. పొద్దుగాల షో నుంచి రాత్రి షోకి మార్చిండ్రు, ఆడికెళ్ళి వీకెండ్‌కి, ఆ తర్వాత నేనే సమజ్ చేస్కున్న. గోడ మీద నా ఫొటో ఉన్న పోస్టర్ మాత్రం ఇంకో ఏడాది ఉండె. కొత్తోళ్ళని ఇప్పుడు ఇన్‌స్టాల ఫాలోవర్స్ చూసి తీస్కుంటున్నరు అని మా దోస్తులు చెప్తున్నరు.

కేటీ అక్క:

డల్లాస్, హ్యూస్టన్, న్యూజెర్సీల్లో మన తెలుగు, హిందీ రేడియో గంటలు వస్తాయి కదా, వాటి సంగతి వేరే. అక్కడ చాలావరకు స్టేషన్ మనవాళ్ళది కాదు, గంటకింత అని టైమ్ కొనుక్కుంటారు, యాడ్లు కూడా వాళ్ళే తెచ్చుకోవాలి. అందుకని హోస్టుని తీసేసే పీడీ ఉండడు, రియల్ ఎస్టేట్ అన్న, బిర్యానీ హోటల్ అన్న యాడ్లు ఆపేస్తే షో దానంతటదే ఆగిపోతుంది. నేను ఏడాది చేశా ఒకచోట, హోస్టింగ్ రెండు గంటలు, స్పాన్సర్లకి ఫోన్లు వారమంతా.

ఒక్క మాట, ఈ థ్రెడ్ చూసి ఉత్సాహంగా మైకు పట్టుకుందామనుకునే చెల్లెళ్ళకి. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉంటే ముందు ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్, ఉందో లేదో చూసుకోండి. "డబ్బు తీసుకోవట్లేదు కదా, వాలంటీరే కదా" అంటారు, మామూలుగా జీతమిచ్చి చేయించే పని ఊరికే చేసినా చిక్కులు రావొచ్చు. వాళ్ళు చెప్పింది కాదు, లాయర్ చెప్పింది వినండి.

పులిహోర ప్యాకెట్:

బిర్యానీ హోటల్ అన్న చేతిలో ప్రోగ్రామ్ డైరెక్టర్ పవర్ ఉందంటే అది సరైన వ్యవస్థే అని నా అభిప్రాయం.

ఫ్రిస్కో డ్రైవర్:

అందరికీ చాలా థాంక్స్, అమ్మగారి కవర్ సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, రెండుసార్లు చదివించుకుంది.

చిన్న అప్‌డేట్. బోర్డ్ ఆప్ బాబాయ్ రాసింది చదివాక నాకో అనుమానం వచ్చింది, ఆ కొత్త గొంతు ఎక్కడో విన్నట్టుంది అని. మా ఆవిడని అడిగా. తను వెంటనే చెప్పేసింది, "థాంక్స్‌గివింగ్ వారంలో వచ్చాడు కదండీ, మనం ఆస్టిన్ వెళ్తుంటే, రోడ్డు మీద గుంతల గురించి ఎవరో పెద్దావిడ ఫోన్ చేస్తే భలే మాట్లాడాడు, మీరేగా వీడెవడో మీ బాబాయ్ కన్నా బాగున్నాడే అన్నది, బకీస్ గ్యాస్ స్టేషన్లో ఆగుదామంటే ఇది అయ్యాక ఆగుదాం అన్నారు కూడా."

నిజమే, నేనే అలా అన్నా. నలభై నిమిషాలు ఛానల్ మార్చకుండా విన్నా. మా కార్లో ఆ మీటర్ లేదు లెండి.